ముత్తాత రంగూన్ నుంచి తెచ్చిన చైనా జాడీ: అడుగున ముద్ర ఉంటే అంత పాతదేనా?

ముందు సూటిగా చెప్పేస్తాను, ఆ తర్వాత కారణాలు చూద్దాం.

మీ ఫొటోల్లో రెండు వస్తువులున్నాయి. ఒకటి నీలం మీద తెల్ల పూలున్న మూత జాడీ. దాని అడుగున జంట వలయాల మధ్య నాలుగు చైనా అక్షరాలు. రెండోది గుడి, వంతెన, చెట్టు, పైన రెండు పిట్టలున్న నీలి పళ్ళెం. మీ ముత్తాతగారు రంగూన్‌లో బియ్యం మిల్లులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో ఇవి కాకినాడ చేరాయన్నారు. అక్షరాల్ని ఫోన్‌లో చదివిస్తే ‘కాంగ్‌షీ’ అని వచ్చిందట. అమ్మిపెడతానన్న మధ్యవర్తి మాత్రం ఇది మింగ్ కాలానిదని చెప్పి, సర్టిఫికెట్ ఖర్చులకి ముందుగా డబ్బు అడుగుతున్నాడట.

ఫొటోల్ని బట్టి నా అంచనా ఇది. జాడీ చైనాదే, అక్కడ పింగాణీకి పేరుమోసిన జింగ్‌డెజెన్ ఊరి బట్టీల్లో కాలిందే. కానీ వయసు మూడొందల ఏళ్ళు కాదు, 19వ శతాబ్దం చివరిదో 20వ శతాబ్దం మొదటిదో. పళ్ళెం అసలు చైనాదే కాదు, ఇంగ్లండు సరుకు. ఇక మధ్యవర్తి మాట సంగతి. మింగ్ వంశం 1644లో పోయింది, కాంగ్‌షీ ఆ తర్వాత వచ్చిన చింగ్ వంశపు చక్రవర్తి (1662–1722). అడుగున కాంగ్‌షీ పేరున్న జాడీని మింగ్ కాలానిదన్నాడంటే, ఆయనకి ఆ ముద్ర చదవడం రాదు, లేదా మీకు రాదని ధైర్యం. డబ్బు ఇవ్వకండి.

పింగాణీ వయసు గురించి చాలామంది ప్రశ్నని తలకిందులుగా అడుగుతారు. ‘ఇది ఎంత పాతది’ అని మొదలుపెడితే ఆశ మనచేత నచ్చిన జవాబు చెప్పిస్తుంది. ‘ఇది ఏ సంవత్సరానికి ముందు తయారై ఉండటానికి వీల్లేదు’ అని అడగాలి. మట్టి, గ్లేజు (పైన గాజులా మెరిసే పూత), నీలం, రంగులు, చిత్రం, రాత, ఇలా ఒక్కోదానికీ ఒక ప్రారంభ కాలం ఉంటుంది. వాటన్నిటిలోకీ ఆలస్యంగా పుట్టినది ఏదో చూడండి. వస్తువు వయసు దాన్ని దాటి వెనక్కి పోదు.

మీరు ముద్ర దగ్గర మొదలుపెట్టారు. నేనైతే చివర చూస్తాను. కానీ మీ ప్రశ్నంతా దాని మీదే ఉంది కాబట్టి ముందు అదే తేల్చేద్దాం. సాధారణంగా ఈ ముద్రలో ఆరు అక్షరాలుంటాయి. కుడివైపు నిలువు వరస పై నుంచి కిందికి, తర్వాత ఎడమవైపు వరస చదవాలి. వంశం పేరుకి రెండు, చక్రవర్తి పాలన పేరుకి రెండు, ‘ఏలుబడిలో చేసినది’ అనడానికి రెండు. మీ జాడీ మీద వంశం పేరు లేదు, నాలుగే ఉన్నాయి. నీలి చిత్రాల జాడీల మీద ఈ నాలుగక్షరాల కాంగ్‌షీ ముద్ర కనిపిస్తే పాత పింగాణీ చూసే మేం చప్పున గువాంగ్‌షూ చక్రవర్తి కాలం (1875–1908), దాని చుట్టుపక్కల రోజులు అనుకుంటాం. కాంగ్‌షీ కాలపు మామూలు బట్టీలు తమ చక్రవర్తి పేరు రాయడానికే జంకేవి. 1677లో జింగ్‌డెజెన్ మీద అధికారం ఉన్న మేజిస్ట్రేటు, పింగాణీ మీద పాలన పేరు రాయకూడదని నిషేధించాడు. కుండ పగిలి పెంకు చెత్తలో పడితే చక్రవర్తి పేరుకి అపచారమని భయం. అందుకే ఆ కాలపు మంచి మంచి వస్తువుల అడుగున ఉత్త జంట వలయాలుంటాయి, మధ్యలో ఏమీ ఉండదు. లేదంటే ఒక ఆకు, ఒక తామర, ఒక శంఖం. ఇంకా తమాషా ఏమిటంటే, అప్పటివాళ్ళే రెండు వందల ఏళ్ళ కిందటి చెంగ్‌హువా (1465–1487) పేరు రాసేవాళ్ళు. అందులో మోసం చేయాలన్న ఉద్దేశం ఎప్పుడూ ఉండేదనుకోకండి, పాత పనితనం మీద గౌరవం కూడా ఉండేది. మరి రెండు వందల ఏళ్ళ తర్వాతి కుమ్మరి కాంగ్‌షీ పేరు రాశాడంటే వింతేముంది?

పైగా రాయడానికి గిరాకీ కూడా ఉంది. మీ జాడీ మీద ఉన్నది పగిలిన మంచు మీద రాలిన ప్లమ్ పూలు. చైనావాళ్ళకి చలి పోయి వసంతం వస్తోందన్న గుర్తు. 1870ల్లో లండన్‌లో కళాకారులూ డబ్బున్నవాళ్ళూ ఈ పూల జాడీల కోసం ఎగబడ్డారు. అసలైన కాంగ్‌షీ జాడీలు అంతమందికి సరిపోవు కదా. జింగ్‌డెజెన్ బట్టీల్ని 1855లో, చింగ్ వంశం మీద తిరగబడ్డ తైపింగ్ తిరుగుబాటుదారులు ధ్వంసం చేశారు. మళ్ళీ నిలదొక్కుకున్నాక అక్కడివాళ్ళు పాత నమూనాల్ని పాత ముద్రలతో సహా మళ్ళీ చేయడం మొదలుపెట్టారు. ఆ సరుకు యూరప్‌కీ వెళ్ళింది, రేవు పట్నాల్లోని చైనా దుకాణాలకీ చేరింది. మీ ముత్తాతగారు రంగూన్‌లో కొన్నది అలాంటి చోటే అయుండాలి.

ఇప్పుడు ముద్ర వదిలేసి, జాడీని మెత్తటి తువ్వాలు మీద బోర్లించండి. మూత వేరే తీసి పెట్టండి. అడుగున గ్లేజు లేని వలయం ఒకటుంటుంది, జాడీ నేల మీద ఆనేది దాని మీదే. పింగాణీ పుట్టుక అక్కడే బట్టబయలవుతుంది, ఎందుకంటే మట్టి కనిపించేది ఆ కాస్త చోటే. వేలిగోరుతో కాదు, వేలి మెత్తతో చుట్టూ రాసి చూడండి. కాంగ్‌షీ కాలపు మంచి పనిలో ఆ మట్టి బిగుతుగా, నున్నగా ఉంటుంది, అంచుని రెండువైపులా కత్తితో శుభ్రంగా చెక్కి ఉంటారు. కొన్ని కూజాలకి కొయ్యపీటలో కూర్చునేలా అడుగు వలయానికి గాడి కూడా తీస్తారు. మీ ఫొటోలో అంచు మొద్దుగా ఉంది, మట్టి సుద్దలా పొడిగా ఉంది, చిన్న చిన్న గుంటలున్నాయి, రెండు చోట్ల ఇనుప మచ్చలు. చెడ్డ పని అనను, తొందర పని.

గ్లేజు ఆగిపోయి మట్టి మొదలయ్యే చోట సన్నగా నారింజ రంగు గీత ఉందేమో కూడా చూడండి. మట్టిలోని ఇనుము బట్టీ చల్లారేటప్పుడు గాలి తగిలి అలా ఎర్రబడుతుంది. అసలైనదైతే ఒకచోట ముదురుగా, ఒకచోట అసలు లేకుండా, మట్టిలోకి కరిగిపోయినట్టుంటుంది. దొంగ సరుకులో దాన్ని కుంచెతో పెడతారు, అప్పుడు చుట్టూ ఒకే వెడల్పున గాజు తొడిగినట్టు ఉంటుంది. తడి దూదితో తుడిస్తే కొన్నిసార్లు దూదికే అంటుకొస్తుంది.

తర్వాత జాడీలోకి చెయ్యి పెట్టండి. కడుపు మధ్య చుట్టూ ఒక అడ్డగీత, కాస్త ఉబ్బుగా తగులుతోందా? గుండ్రటి జాడీల్ని కింది సగం, పై సగం వేరువేరుగా చేసి తడిమట్టితో అతికేవాళ్ళు. ఆ అతుకు బయట గ్లేజు కింద దాగినా లోపల వేళ్ళకి దొరుకుతుంది. ఈమధ్య అచ్చుల్లో ద్రవమట్టి పోసి చేసే వాటిలో లోపల అంతా నున్నగా, బయటి వంపునే అద్దంలో చూపినట్టుంటుంది. అతుకు ఉన్నంత మాత్రాన పాతదని అర్థం కాదు, ఇవాళా చేత్తో చేసేవాళ్ళున్నారు. కానీ బజారులో ముప్ఫై ఏళ్ళుగా కుప్పలు పోసిన అచ్చు సరుకు మాత్రం ఇక్కడే పట్టుబడుతుంది.

నీలం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, అది నాకు ఇష్టమైన సంగతి. ఆ నీలం కోబాల్ట్. పచ్చి మట్టి మీద కుంచెతో గీసి, పైన గ్లేజు పోసి, ఒకేసారి 1300 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల కాలుస్తారు. మింగ్‌కి ముందు ఏలిన యువాన్ వంశపు కాలంలో, మింగ్ తొలి రోజుల్లో మేలైన కోబాల్ట్ పర్షియా వైపు నుంచి వచ్చేది. అందులో ఇనుము ఎక్కువ, మాంగనీసు తక్కువ. గీత గీసినచోట అక్కడక్కడ గుమిగూడి నల్లటి చుక్కలై, గ్లేజులోకి దిగబడినట్టుంటుంది. వేలితో తడిమితే ఆ చుక్క దగ్గర చిన్న పల్లం తగులుతుంది. షువాన్‌దే కాలపు (1426–1435) పనికి ఇదే పెద్ద గుర్తు. ఈ సంగతి మూడొందల ఏళ్ళ తర్వాతి కుమ్మరులకీ తెలుసు. 18వ శతాబ్దంలో రాజు బట్టీలోనే ఆ పాత పనిని అనుకరిస్తూ, నీలం మీద కావాలని ముదురు చుక్కలు అద్దారు. అయితే అద్దిన చుక్కలకి ఒక పద్ధతి వచ్చేస్తుంది, గీత వెంట వరసగా కూర్చుంటాయి. చైనాలోనే దొరికే కోబాల్ట్‌లో మాంగనీసు ఎక్కువ, శుద్ధి సరిగ్గా లేకపోతే నీలం బూడిద రంగుకి తిరుగుతుంది. కాంగ్‌షీ కాలంలో దాన్ని బాగా శుద్ధి చేసి, పలచటి నీలం నుంచి చిక్కటి నీలం దాకా మెట్లు మెట్లుగా పూయడం సాధించారు. ఆ కాలపు ప్లమ్ జాడీలో లేత నీలం పూత మీద మంచు పగుళ్ళు ముదురు నీలంతో సన్నగా గీసి ఉంటాయి. వెలుతురులో తిప్పితే లోతు కనిపిస్తుంది, ఎవరికైనా తెలిసిపోతుంది. మీ దాంట్లో నేల అంతా ఒకే నీలం, కాస్త ఊదా కలిసినట్టు. పగుళ్ళ గీతలు లావుగా, గబగబా లాగినట్టున్నాయి. పూల రేకులు అన్నీ ఒకే మూస. నా అంచనాకి ముద్ర కన్నా ఇదే పెద్ద ఆధారం.

ఈ కాలాలన్నీ ఎలా తెలుసని మీకు సందేహం రావచ్చు. ఊహ కాదు. బ్రిటిష్ మ్యూజియంలో ఒక జత యువాన్ కూజాలున్నాయి, గుడికి సమర్పించినప్పుడు రాసిన తేదీ మెడ మీదే ఉంది, 1351 నాటివి. అవి దొరికాకే మిగతా యువాన్ నీలి పింగాణీని వాటి పక్కన పెట్టి పోల్చగలిగారు. ఇక మునిగిన ఓడలు. 1613లో సెయింట్ హెలీనా దగ్గర మునిగిన డచ్చి ఓడలో మింగ్ చక్రవర్తి వాన్‌లీ కాలపు (1573–1620) ఎగుమతి పళ్ళేలు దొరికాయి. 1752లో దక్షిణ చైనా సముద్రంలో మునిగిన ఇంకో డచ్చి ఓడ సరుకు 1986లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వేలానికి వచ్చింది. 1822లో మునిగిన తెక్ సింగ్ అనే చైనా ఓడలోనైతే మూడున్నర లక్షల దాకా గిన్నెలూ పళ్ళేలూ ఉన్నాయి. ఓడ మునిగిన తేదీ తెలిస్తే అందులో ఉన్న సరుకు ఆ తర్వాతిది కాలేదు. మీ దగ్గరున్న గిన్నె మీది పువ్వు తెక్ సింగ్ గిన్నె మీది పువ్వుతో కలిసిందంటే అది గొప్ప ఆధారం.

రంగుల వస్తువులు ఇంకా ఏమైనా ఉంటే ఒక్క సూత్రం గుర్తుపెట్టుకోండి, గులాబీ రంగు. చైనా పింగాణీ మీద ఆ చిక్కటి గులాబీ బంగారం నుంచి వస్తుంది, 1720 ప్రాంతానికి గానీ అక్కడ వాడకంలోకి రాలేదు. అడుగున మింగ్ చక్రవర్తి పేరుండి పైన గులాబీ పువ్వుంటే ఇక వాదన అక్కర్లేదు. కాంగ్‌షీ కాలపు రంగుల పనిలో ఆకుపచ్చది పైచేయి, దాంతో పాటు ఎరుపు, పసుపు, వంకాయ రంగు. గ్లేజు పైన పూసిన పాత నీలం చుట్టూ, వస్తువుని వాలుగా పట్టుకుంటే, నీళ్ళ మీద నూనె తెట్టులాంటి రంగుల మెరుపు కనిపిస్తుంది. బంగారు పూత మరీ అద్దంలా మెరుస్తుంటే కొత్తదని అనుమానించండి, పాతది మసకగా ఉండి చేతులు తగిలిన చోట అరిగిపోతుంది.

ఇంగ్లీషు అక్షరాలు ఉంటే పని తేలిక. అమెరికా 1890లో చేసిన సుంకాల చట్టం వల్ల, 1891 నుంచి అక్కడికి వెళ్ళే సరుకు మీద తయారైన దేశం పేరు ఇంగ్లీషులో ఉండాల్సి వచ్చింది. అందుకని ‘చైనా’ అని ఉంటే 1891 తర్వాతిది, ‘మేడ్ ఇన్ చైనా’ అని ఉంటే 20వ శతాబ్దపుది. కానీ మీ జాడీ మీద అలాంటి మాట లేదు కాబట్టి 1891కి ముందుదని అనుకోకండి. రంగూన్‌కి వెళ్ళే సరుకుకి అమెరికా చట్టంతో పనేముంది?

పళ్ళెం సంగతి. దీన్ని విల్లో బొమ్మ అంటారు. 18వ శతాబ్దం చివర ఇంగ్లండులో చైనా బొమ్మల్ని కలిపి కుట్టిన డిజైను. ప్రేమికులు పారిపోయి పిట్టలయ్యారన్న కథ కూడా ఇంగ్లండులో పుట్టిందే, చైనాలో ఎవరూ ఎరగరు. చీకటి గదిలో పళ్ళెం వెనక ఫోన్ టార్చి పెట్టి చూడండి. పింగాణీ అయితే వెలుగు లోపలి నుంచి వస్తుంది, మీ వేళ్ళ నీడ కనిపిస్తుంది. ఇది మామూలు తెల్ల మట్టి, వెలుగు రాదు. భూతద్దం పెట్టి అంచు డిజైను చుట్టూ తిప్పండి. ఎక్కడో ఒకచోట నకాషీ తెగిపోయి, పక్క ముక్కతో కలవకుండా ఆగిపోతుంది. రాగిరేకు మీద చెక్కిన బొమ్మని పలచటి కాగితం మీదికి దించి, ఆ కాగితాన్ని పళ్ళెం మీద అతికిస్తారు. కాగితం రెండు చివరలూ కలిసే చోటు అది. కుంచెతో గీసినదానికి అలాంటి అతుకు ఉండదు. అడుగున మూడు చిన్న మచ్చలుంటే బట్టీలో నిలబెట్టిన ముక్కాలి పీట గుర్తులు. కోస్తాలో పాత ఇళ్ళలో ‘చైనా పళ్ళెం’ అని చూపించేవాటిలో నేను చూసినవి ఎక్కువగా ఇవే, లేదంటే హాలండు సరుకు, లేదంటే జపాన్‌ది. జపాన్ పని చైనా పనికి బాగా దగ్గర. అరిటా బట్టీల పెద్ద పళ్ళేల అడుగున, గ్లేజు మీద, మూడో నాలుగో ఐదో సూదిమొన మచ్చలుంటాయి, చైనా పింగాణీలో అలా నిలబెట్టే అలవాటు లేదు. ‘నిప్పాన్’ అని ఇంగ్లీషులో ఉంటే 1891–1921 మధ్యది.

దొంగ పాతదనం కొత్త విద్య కాదు. 1712లో జింగ్‌డెజెన్ నుంచి ఫ్రెంచి పాద్రీ దాంత్రకోల్ రాసిన ఉత్తరంలో ఈ వ్యవహారం కూడా ఉంది. కొత్త పాత్రల్ని కొవ్వు తేలే కోడిరసంలో ఉడికించి, నెలకి పైగా ఊళ్ళోకెల్లా మురికి కాలవలో పడేసి, మూడు నాలుగు వందల ఏళ్ళనాటివని అమ్మేవాళ్ళట. ఇప్పుడు కోడిరసం బదులు ఆమ్లం, టీ డికాక్షన్, బూటు పాలిష్. ఆమ్లంతో తీసిన గ్లేజు మెరుపు చచ్చి, ఎక్కడ చూసినా ఒకేలా మసకగా ఉంటుంది. నిజంగా వాడిన వస్తువుకి అరుగుదల అవసరమైన చోటే వస్తుంది. పళ్ళెం మధ్యలో, జాడీ భుజం మీద, మూత కూర్చునే చోట. గీతలు అన్ని దిక్కులా ఉంటాయి, గరుకు కాగితంతో రుద్దినవి ఒకే దిక్కున పోతాయి. మీ జాడీ మూత లోపలి అంచు, జాడీ మెడ పై అంచు రెండూ ఒకే చోట అరిగాయి. అంటే మూతా జాడీ చాలాకాలం కలిసే ఉన్నాయి, మూత మార్చలేదు. విలువకి అది మంచి మాట. చాలా జాడీలకి మూత పగిలిపోయి కొయ్య మూత పెట్టి ఉంటుంది.

మీ కుటుంబ కథని తేలిగ్గా తీసుకోకండి, నేను దాన్ని ముద్ర కన్నా ఎక్కువ నమ్ముతాను. 1942లో జపాన్ బాంబులకి బర్మా వదిలి కొండల మీదుగా నడిచొచ్చిన మనవాళ్ళు ప్రాణాలు దక్కించుకోవడమే గగనం, పింగాణీ జాడీ మోసుకురాలేరు. కాబట్టి ఇది అంతకు ముందు ఓడలో వచ్చిందే. అప్పుడు జాడీ వయసుకి ఒకవైపు హద్దు గువాంగ్‌షూ కాలం, మరోవైపు హద్దు 1941. పాత ఉత్తరాలు, పంపిన పెట్టె మీద ఓడ కంపెనీ కాగితం, ఆ జాడీ కనిపించే ఇంటి ఫొటో లాంటివి ఏమున్నా స్కాన్ చేసి జాగ్రత్త చేయండి. చైనా పాత్రలు మన తీరానికి కొత్త కాదు. కాకతీయ గణపతిదేవుడి అభయశాసనం ఉన్న మోటుపల్లిలోనూ, నెల్లూరు వైపు కొత్తపట్నంలోనూ మధ్యయుగపు చైనా పెంకులు దొరికాయి. కానీ అవి మట్టిలోంచి తీసిన పెంకులు. వాటిని చూపించి ‘అప్పటినుంచీ మా ఇంట్లోనే ఉంది’ అనేవాళ్ళని నమ్మను.

హైదరాబాద్‌లో ఉంటున్నానన్నారు కాబట్టి సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా గదుల్లో ఒక పూట గడపండి. అక్కడి నీలి పింగాణీ పక్కన నిలబడి మీ ఫోన్‌లో జాడీ ఫొటో తెరిస్తే, నేను ఇంత రాసినా చెప్పలేనిది కన్నే చెప్పేస్తుంది. ఆకుపచ్చ సెలడాన్ పళ్ళేల్నీ చూడండి. దక్కనులో వాటిని ఘోరీ అనేవాళ్ళు, విషం కలిపిన తిండి పెడితే పగులుతాయని నవాబులకి నమ్మకం.

శాస్త్రీయ పరీక్ష చేయించనా అని అడిగారు. థెర్మోల్యూమినిసెన్స్ అంటే కాలిన మట్టిని మళ్ళీ వేడిచేసి, వచ్చే వెలుగుని బట్టి వయసు కట్టే పరీక్ష, దానికి పింగాణీని డ్రిల్లు చేసి మట్టి తీయాలి. వెయ్యేళ్ళదా నిన్నటిదా తేల్చడానికి పనికొస్తుంది గానీ, 1890దా 1920దా అన్నది తేల్చదు. మీ జాడీకి వద్దు. ముందుగా డబ్బు తీసుకుని ఇచ్చే సర్టిఫికెట్‌కి కొనేవాళ్ళ దగ్గర విలువ లేదు. అమ్మాలనుకుంటే, మూడొందల ఏళ్ళ ధర ఊహించుకోకండి, అలాగని చిల్లర ధరకీ ఇచ్చేయకండి, మూతతో సహా నిక్షేపంగా ఉన్న గువాంగ్‌షూ జాడీకి గిరాకీ ఉంది. ఇంకొకటి, 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన కళాఖండాన్ని ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు. అది చైనాలో తయారైందా ఇక్కడ తయారైందా అన్నదానితో పనిలేదు. మీ జాడీ ఆ గీతకి అటో ఇటో ఉంది, కాబట్టి అమెరికాలో ఉన్న తమ్ముడికి సూట్‌కేసులో పెట్టి పంపే ఆలోచన ఉంటే, ముందు పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదన్న ధ్రువీకరణ తెచ్చుకోండి.

చింతపండు, బ్లీచింగు, గరుకు పీచు దగ్గరికి రానీయకండి. గోరువెచ్చటి నీళ్ళు, రెండు చుక్కల సబ్బు, మెత్తటి గుడ్డ చాలు. ఎత్తేటప్పుడు మూత పట్టుకుని ఎత్తకండి. ఇంకా అనుమానం ఉంటే ఎండ తగలని కిటికీ పక్కన, ఫ్లాష్ లేకుండా నాలుగు ఫొటోలు తీసి పెట్టండి. అడుగు మొత్తం, అడుగు వలయం దగ్గరగా వాలుగా, లోపల అతుకు ఉన్న చోటు, మూత లోపలి వైపు. ముద్ర ఫొటో మళ్ళీ అక్కర్లేదు.